కంప్యూటరు తెర – కంటికి హాయైన రంగులు

ధనము అనే మాటను ఒక పిల్ల ఐదు వారాలపాటు దనము అని వ్రాసింది. భయమును బయము అని, ఫలమును పలము అని వ్రాసింది. ఐదు వారాలూ నేను ఆ మాటలకు సున్న చుట్టి, మార్కులు తగ్గించి, ఒత్తు అక్షరాలు వందసార్లు వ్రాసి పంపమని చెప్పాను. ఆరవ వారం ఆ పిల్ల తరగతికి రాలేదు. తప్పు ఆమెది కాదనీ, నాదనీ, అందులోనూ నేను ఎంచుకొన్న రంగులదనీ తెలిసేసరికి మరి కొన్ని వారాలు గడిచినవి. మన పాఠకులలో చాలామంది ఇప్పుడు తెలుగును కాగితం మీద కంటే తెర మీదనే ఎక్కువగా చదువుతున్నారు. కాబట్టి నాకు తెలిసివచ్చిన సంగతిని, దాని వెనుక ఉన్న కారణాలను ఇక్కడ విశదపరుస్తున్నాను.

ఆ పిల్ల మా అన్నగారి మనుమరాలు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని సన్నీవేల్ అనే ఊరిలో ఉంటుంది. మన మారిషస్‌లో శనివారం సాయంకాలం ఆరు గంటలకు నేను తెర మీద తెలుగు తరగతి నడుపుతాను. అక్కడ చలికాలంలో అది ఉదయం ఆరు గంటల వేళ. ఇంకా తెల్లవారదు. ఈ వివరం ముందు ముందు అవసరం అవుతుంది.

నేను తెలుగు నేర్చుకొన్నది మన సాయంకాల పాఠశాలలోనే. మా గురువుగారు నల్లబల్ల మీద అక్షరాన్ని తెల్ల సుద్దతో వ్రాసి, ఒత్తును మాత్రం ఎర్ర సుద్దతో దిద్దేవారు. ద క్రింద గీత పెట్టి ధ, ప క్రింద గీత పెట్టి ఫ, థ కడుపులో చుక్క. ఆ ఎరుపు నా కళ్ళలో ఇప్పటికీ ఉన్నది. తెర మీద పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పుడు నేను అదే పద్ధతిని అనుసరించాను. వెనుక బడి బల్లవలె ముదురు ఆకుపచ్చ, దాని మీద లేత పసుపు అక్షరాలు, ఒత్తులు మాత్రం ఎరుపు. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉన్నదని నేనే మురిసిపోయాను.

డిసెంబరు సెలవులలో సన్నీవేల్ వెళ్ళి వారి ఇంట్లో ఉన్నాను. ఒక శనివారం ఉదయం ఆ పిల్ల పక్కన కూర్చుని నా పాత పాఠాన్నే ఆమె టాబ్లెట్‌లో చూచాను. తమ్ముడు లేస్తాడని దీపం వేయలేదు. చీకటి గదిలో తెర ఒక్కటే మండుతున్నట్లు ఉన్నది. పసుపు అక్షరాల అంచులు చెదిరి పొగవలె కనిపించినవి. ఎర్ర గీతలు ఉన్నవో లేవో తెలియడం లేదు. "ఆ గీత ఎక్కడుంది చిన్నతాతా? నాకు ద ఒక్కటే కనబడుతుంది" అన్నది. కళ్ళజోడు సవరించుకొని చూచాను. ఇది ద, ఇది ధ అని నాకు తెలుసు కాబట్టి నాకు కనబడుతున్నవి. ఆమెకు తెలియదు, అందువలన కనబడవు.

దీని కారణం తెలిసికొనడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. ఫోనులలో, కంప్యూటరులలో రంగులన్నీ తీసివేసి తెరను బూడిద రంగులో చూపే ఏర్పాటు ఉంటుంది. సెట్టింగులలో చూపు, సౌలభ్యము అనే భాగంలో వెతికితే దొరుకుతుంది. నా పాఠాన్ని అట్లా చూస్తే ఆకుపచ్చ బల్ల ఒక బూడిద రంగు, ఎర్ర ఒత్తు దానికి కొంచెం మాత్రమే తెలుపు తిరిగిన మరొక బూడిద రంగు. రెండు రంగులు వేరైనా వాటి వెలుగు దగ్గర దగ్గరగా ఉన్నది. సన్నని గీతలను గుర్తించడానికి కంటికి ముఖ్యంగా కావలసింది రంగుల తేడా కాదు, వెలుగుల తేడా. బడిలోని నల్లబల్ల మీద ఎర్ర సుద్ద కనబడిందంటే, అక్కడ గురువుగారి అక్షరం అరచేయంత ఉండేది. టాబ్లెట్ మీద ఆ ఒత్తు గీత నువ్వుగింజంత కూడా లేదు.

వింత ఏమంటే, ఈ సంగతిని చక్కగా చూపే యంత్రం ఆ సన్నీవేల్‌లోనే తయారైనది. అటారీ అనే కంపెనీ 1972లో అక్కడ మొదలైనది. వారి పాంగ్ అనే ఆట యంత్రాన్ని మొదట పెట్టింది ఆ ఊరిలోని ఒక మద్యశాలలో. నల్లని తెర మీద తెల్లని చుక్క ఒకటి, రెండు తెల్లని గీతలు, అంతే. తరువాత 1979లో అటారీవారు 400, 800 అనే ఇంటి కంప్యూటరులను తెచ్చారు. వాటిని టెలివిజన్‌కు తగిలించి మామూలు అక్షరాల తెరను చూస్తే నీలం మీద లేత నీలం అక్షరాలు వస్తాయి. అందచందాల కోసం మాత్రమే చేసిన పని కాదది. ఆ తెరలో అక్షరపు చుక్కలు చాలా సన్నవి. అంత సన్నని చుక్కకు వేరే రంగు ఇవ్వడం ఆ యంత్రం చేత కాదు. వెనుక ఏ రంగు ఉంటే అక్షరానికీ అదే రంగు, వెలుగు మాత్రం ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు. అయినా పిల్లలు, పెద్దలు ఆ తెర మీద గంటల తరబడి చదివారు, వ్రాశారు. ఒకే రంగులో వెలుగు తేడా ఉంటే చదవవచ్చు. రెండు రంగులు ఉండి వెలుగు తేడా లేకపోతే కష్టం.

(సన్నీవేల్ అంటే మనవారు కంప్యూటరుల ఊరనే అనుకుంటారు. నిజానికి అది మొన్నమొన్నటిదాకా పండ్లతోటల ఊరు. ఆప్రికాట్, చెర్రీ, ప్లం తోటలు, వాటిని డబ్బాలలో నింపే ఫ్యాక్టరీలు. ఒక పాత ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకును పండ్ల డబ్బా రూపంలో ఇప్పటికీ నిలిపి ఉంచారు. ఊరి మధ్య పది ఎకరాల ఆప్రికాట్ తోటను నగరపాలకులు స్మారకంగా కాపాడుతున్నారు. చెరకు తోటలనుంచి వచ్చిన మనకు అక్కడ తిరుగుతుంటే ఏదో చుట్టరికం తోస్తుంది.)

వెలుగు తేడాను కొలిచే లెక్క ఒకటి కలదు. అంతర్జాలానికి ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యు3సి అనే సంస్థ 2008లో ప్రకటించిన నియమాల ప్రకారం అక్షరానికి, దాని వెనుక రంగుకు వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3 చాలు. ఇంకా మేలుగా ఉండాలంటే 7. తెలుపు మీద నలుపుకు అది 21, అంతకంటే పెద్దది లేదు. నా ఆకుపచ్చ బల్ల మీద ఎర్ర ఒత్తుకు లెక్క వేసి చూస్తే సుమారు 2.4 వచ్చింది. పిల్లలు ముఖ్యంగా చూడవలసిన గీతనే నేను అందరికంటే వెనుక నిలబెట్టాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు మగపిల్లలలో కొందరు పుట్టుకతోనే ఉంటారు. వారికి నా పాఠం ఇంకెట్లా కనబడిందో!

ఈ లెక్కను మనకు అలవాటైన రంగులకు వేసి చూస్తే కొన్ని తమాషాలు తేలినవి. శుద్ధమైన పసుపు తెలుపు మీద పెడితే నిష్పత్తి 1.07, అంటే దాదాపు లేనట్లే. అదే పసుపు నలుపు మీద 19 దాటుతుంది. నీలం తెలుపు మీద 8.6, నలుపు మీద 2.4 మాత్రమే. మన పెళ్ళి పిలుపులన్నీ పసుపు మీద ఎరుపే కదా. దానికి 3.7. పెద్ద అక్షరాలతో వధూవరుల పేర్లు చదవవచ్చు, క్రింద సన్నగా వ్రాసిన ముహూర్తం, ఊరు, వీధి చదవలేము. ఎరుపు మీద నీలం అక్షరాలు గాని, నీలం మీద ఎరుపు గాని అసలే పనికిరావు. నిష్పత్తి 2 చిల్లర. దానికి తోడు మరొక చిక్కు. కంటి కటకం ఎరుపును, నీలాన్ని ఒకే దూరంలో కేంద్రీకరించలేదు. ఒకటి స్పష్టంగా ఉంటే మరొకటి మసక. అందువలన అక్షరాలు తెర మీదనుంచి లేచి ఈదుతున్నట్లు తోస్తుంది. నీలంతో ఇంకొక ఇబ్బంది ఉన్నది. సూక్ష్మమైన చూపుకు ఆధారమైన కంటి నడుమ భాగంలో నీలాన్ని పట్టే కణాలు చాలా తక్కువ, నట్టనడుమ లేనే లేవు. ముదురు బట్ట మీద నీలపు సన్నగీతలు ఎంత తేరిపార చూచినా తేటపడకపోవడానికి ఇదొక కారణం.

ఇక నల్ల తెర మంచిదా, తెల్ల తెర మంచిదా అన్న ప్రశ్న. దీని మీద ఇళ్ళలో పిల్లలకు, పెద్దలకు వాదాలు నడుస్తున్నవి. ఈ వాదం కొత్తది కాదు. 1970లలో కంప్యూటరు తెరలన్నీ లోపల ఫాస్ఫర్ పూసిన గాజు గొట్టాలు. నలుపు మీద ఆకుపచ్చ అక్షరాలు. కొన్నింటిలో కాషాయం. ఐబిఎం వారు 1981లో విడుదల చేసిన కంప్యూటరుకు ఇచ్చిన ఆకుపచ్చ తెరలో అక్షరం చెరిపినా క్షణకాలం దాని నీడ మిగిలేది. మన కన్ను పసుపు కలిసిన ఆకుపచ్చను అన్నిటికంటే సులభంగా గ్రహిస్తుంది, కాబట్టి ఆ రంగు కొంత ఉపకరించింది. కాని నల్ల బట్టకు పెద్ద కారణం వేరు. ఆ గొట్టపు తెర అంతా తెల్లగా వెలిగిస్తే మినుకుమినుకుమని అదిరేది. నల్లగా ఉంటే ఆ అదురు తెలిసేది కాదు. సన్నీవేల్‌కు కొద్ది మైళ్ళ దూరంలోని పాలో ఆల్టోలో జిరాక్స్ పరిశోధకులు 1973లోనే కాగితంవంటి తెల్లని తెర మీద నల్లని అక్షరాలు చూపే ఆల్టో యంత్రం చేశారు. పక్క ఊరు కుపర్టినోలో ఆపిల్ వారు 1984లో మాకింటాష్‌తో ఆ పద్ధతిని ఇళ్ళకు తెచ్చారు. నేటి పలుచని తెరలలో ఆ పాత అదురు లేదు. అంటే నలుపును తప్పనిసరి చేసిన కారణం పోయింది, నలుపు మీద మోజు మాత్రం తిరిగి వచ్చింది.

పరిశోధనలు ఏమంటున్నవి? జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయంవారు 2013లో యువకులను, వృద్ధులను పరీక్షించి, లేత బట్ట మీద ముదురు అక్షరాలే ఇద్దరికీ మేలుగా కనబడుతున్నవని తేల్చారు. అక్షరం చిన్నదయ్యేకొద్దీ ఆ మేలు పెరుగుతుందని మరుసటి ఏడు చూపారు. కారణం సులభం. తెర లేతగా ఉంటే ఎక్కువ వెలుగు కంటిలోకి వస్తుంది, కంటిపాప చిన్నదవుతుంది. సన్నని రంధ్రంలోనుంచి చూస్తే బొమ్మ తేటగా ఉన్నట్లే అప్పుడు అక్షరం తేటగా ఉంటుంది. నల్ల తెర ముందు, అందునా చీకటి గదిలో, పాప విచ్చుకుంటుంది. కంటి కటకంలోని వంకరలన్నీ అప్పుడు బయటపడతాయి. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి వెలుగు అక్షరాల చుట్టూ పొగ కమ్మినట్లు ఉంటుంది. ఆ ఉదయం సన్నీవేల్ గదిలో నేను చూచినది ఇదే. చీకటి, నా ముదురు బల్ల, చిన్న అక్షరం, మూడూ ఒకచోట చేరినవి.

అక్షరం చిన్నదయ్యేకొద్దీ అన్న మాటను తెలుగువారు రెండుసార్లు చదవాలి. ఆంగ్ల అక్షరం ఒక వరుసలో నిలబడుతుంది. మన అక్షరానికి పైన తలకట్టో, గుడియో, క్రింద వత్తో ఉంటుంది. అదే ఎత్తులో అవన్నీ ఇమడాలంటే అసలు అక్షరం కుంచించుకుపోక తప్పదు. స్త్రీ అన్న మాటను, స్వాతంత్ర్యము అన్న మాటను మీ ఫోనులో చూచుకోండి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దొరికినా, చదవడానికి హాయైన తెలుగు అక్షరరూపాలు చాలాకాలం కరువుగానే ఉన్నవి. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర సంస్థ మండలి, రామభద్ర, సూరన్న మొదలైన రూపాలను ఉచితంగా అందించిన తరువాత కొంత వెసులుబాటు కలిగింది. ఏ రూపమైనా సరే, ఆంగ్లానికి పెట్టుకొన్న పరిమాణం కంటే తెలుగుకు ఒకటి రెండు మెట్లు పెంచుకోండి. రంగు మార్చడం కంటే ముందు చేయవలసిన పని ఇది. ధ క్రింద గీత ఒక చూపులో కనబడాలి, వెతకవలసి వస్తే అక్షరం చాలలేదన్నమాట.

అయితే అందరికీ తెల్ల తెరే శరణ్యమని నేను అనను. కంటిలో శుక్లం మొదలైనవారికి తెల్లని తెర మంచుమీద ఎండవలె గుచ్చుతుంది. వారికి నల్ల బట్ట మీద లేత అక్షరాలే నయం. మా వదినగారు అట్లాగే చదువుతారు, ఆమె మాటే ఆమెకు ప్రమాణం. మన దీవిలో చక్కెర వ్యాధి ఎక్కువ కాబట్టి (చెరకు పండించినవారికి చక్కెర శాపం!) చూపు మసకబారితే తెర రంగును అనుమానించి కాలం గడపవద్దు. ముందు కంటి డాక్టరును చూడండి. నలభై దాటినవారికి చత్వారం ఉంటుంది. పుస్తకానికి ఇచ్చిన అద్దాలు తెర దూరానికి సరిపోవు. తెర ముఖానికి ఒక చేయి దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు కొంచెం క్రిందగా ఉంటే మెడకూ, కంటికీ సుఖం.

రంగు ఏదైనా వెలుగు సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. తెర పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. తెర కాగితం కంటే దీపంవలె మండుతుంటే వెలుగు తగ్గించాలి. మురికి పట్టినట్లు ఉంటే పెంచాలి. గదిలో దీపం వేసుకొనే చదవాలి, ఆ దీపం తెరలో ప్రతిబింబించకూడదు. తెల్లదనం మరీ ఎక్కువనిపిస్తే తెలుపును పాతపుస్తకం కాగితపు రంగుకు దించవచ్చు. రంగులను 0 నుంచి 255 వరకు అంకెలతో ఇచ్చేచోట ఎరుపు 250, ఆకుపచ్చ 244, నీలం 230 అని పెట్టి, అక్షరానికి మూడూ 40 పెడితే మెత్తని మీగడ రంగు మీద బొగ్గు రంగు అక్షరం వస్తుంది. నిష్పత్తి 13 దాటుతుంది. నేను ఇప్పుడు వాడేది ఇదే. నీలి కాంతిని ఆపే కళ్ళజోళ్ళను దుకాణాలలో గొప్పగా చెప్పి అమ్ముతున్నారు. అవి కంటి అలసటను తగ్గించే సూచన పెద్దగా లేదని 2023లో కాక్రేన్ సంస్థవారు పలు పరిశోధనలను కూడగట్టి తేల్చారు. రాత్రివేళ తెరను వెచ్చని రంగుకు మార్చే ఏర్పాటు మాత్రం డబ్బు ఖర్చు లేనిది, హాయిగా ఉంటే వాడుకోవచ్చు.

అసలు అలసటలో పెద్ద వాటా రంగుది కాదు, రెప్పది. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు వరకు కొట్టుకొనే రెప్ప తెర ముందు మూడవ వంతుకు పడిపోతుంది. కన్ను ఎండి మండుతుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లు చూడమని వైద్యులు చెప్పే సూత్రం ఇందుకే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. సన్నీవేల్‌కు 40 మైళ్ళ దూరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య సంస్థవారు 1980 ప్రాంతంలో కంప్యూటరు తెరల ముందు పనిచేసేవారిని పరీక్షించారు. పత్రికలలో వార్తలు వ్రాసేవారు, కార్యాలయాలలో లెక్కలు ఎక్కించే గుమాస్తాలు, ఇద్దరూ తెరల ముందే కూర్చునేవారు. గుమాస్తాలు ఎక్కువ బాధలు చెప్పుకొన్నారు. వార్తలు వ్రాసేవాడు తలెత్తి కిటికీలోనుంచి చూడవచ్చు, లేచి తిరగవచ్చు. గుమాస్తా తల ఎత్తితే లెక్క తగ్గుతుంది. తోటలో సర్దారు నిలబడి మొక్కలు లెక్కించిన కథలు విన్న మనకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. 1983లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి తెరలు కంటిని చెడగొడుతున్నాయనడానికి ఆధారం లేదనీ, బాధలకు కారణం వెలుతురు, అమరిక, పని పద్ధతి అనీ నివేదించింది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన దీవిలో జరిగిన 1990వ సంవత్సరంలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఒక చట్టం చేసింది. తెర ముందు రెండు గంటలు పనిచేసినవారికి పదిహేను నిమిషాల విరామమో, వేరు పనో ఇవ్వాలని అందులో ఉన్నది. 1992లో న్యాయస్థానం దానిని కొట్టివేసింది, అటువంటి నిబంధనలు చేసే అధికారం రాష్ట్రానిదే గాని నగరానిది కాదని. ఇప్పుడు మన పిల్లలలో ఎందరో టెలిఫోను కేంద్రాలలో, బ్యాంకులలో రోజుకు ఎనిమిది గంటలు తెర ముందే కూర్చుంటున్నారు. విరామం అడిగితే సోమరితనం అనుకుంటారని జంకవద్దని వారికి చెబుతున్నాను.

నా తరగతిలో రంగులు మారినవి. మీగడ రంగు బట్ట, బొగ్గు రంగు అక్షరం, ఒత్తు గీత అదే రంగులో రెండింతలు లావుగా. ఎరుపు తీసివేయడానికి మనసు ఒప్పలేదు, కాని తీసివేశాను. సన్నీవేల్‌లో ఆ పిల్ల గదికి ఒక చిన్న దీపం కొన్నారు. తమ్ముడి మంచం మరొక గదికి చేరింది. ఆమెకు తగ్గించిన మార్కులన్నీ తిరిగి ఇచ్చాను. వంద సార్లు వ్రాయించినందుకు క్షమించమని అడిగితే, "నాలుగు వందలు వ్రాశాను చిన్నతాతా, అన్నీ ద లే" అని నవ్వింది.

చివరగా సంపాదకులకు ఒక మనవి. మన పత్రిక తెర ప్రతిలో ఉగాది సంచికకు పసుపు మీద ఎర్ర అక్షరాలు వేయడం ఆనవాయితీ. దాని నిష్పత్తి 3.7 అని పైన చెప్పాను. పసుపును అట్లే ఉంచి, ఎరుపును 139కి దించి మిగిలిన రెండింటినీ సున్నా చేస్తే 9 దాటుతుంది. చూడడానికి అది ముదురు కుంకుమలాగే ఉంటుంది.